పసిఫిక్ సముద్రముపై గాలిగుట్ట

చైనా దేశమున యాంగ్‌ట్సీ నదీతీరమున జూన్ మాసము నడుమ వానలు ప్రారంభమగును. ప్లమ్ పండ్లు పక్వమగు కాలమగుటచే ప్రజలు వానిని ‘ప్లమ్ వానలు’ అందురు. మన రైతునకు ఆరుద్ర కార్తె యెట్టిదో అచ్చటి వరిరైతునకు ఆ వానలట్టివి.

2020లో ఈ వానకాలము 62 దినములు సాగెను. యాంగ్‌ట్సీతో కలిసియుండు పోయాంగ్ సరస్సు నీటిమట్టము 1998 నాటి మహావరదను సయితము మించెను. రెండేండ్లు గడచెను. 2022 ఆగస్టులో అదే సరస్సు అడుగున నేల బీటలువారెను. చుంగ్‌చింగ్ నగరములోని బైబెయ్ ప్రాంతమున ఎండ 45 డిగ్రీలకు చేరెను. నీరు తగ్గగా నదిలోని రాతిదిబ్బపై చెక్కిన ప్రాచీన బౌద్ధశిల్పములు బయటపడెను. సిచువాన్ రాష్ట్రమున జలవిద్యుత్తు చాలక కర్మాగారములు మూతపడెను.

ఈ వరదకును ఆ కరవునకును ప్రధానకారణ మొక్కటియే. పశ్చిమ పసిఫిక్ సముద్రముపై ఒక అధికపీడన మండలము కలదు. గాలి గుట్టగా పోసినట్లు అచ్చట బరువుగా నుండును. అది పైనుండి దిగుచు వేడెక్కి పొడిబారును. కావున అచ్చట మేఘము నిలువదు. కాని ఆ గాలి ప్రదక్షిణముగా తిరుగుచుండును గనుక, మండలపు పడమటి అంచువెంట దక్షిణసముద్రముల తేమ ఉత్తరమునకు సాగును. ఉత్తరపు చల్లగాలి దానికి ఎదురుపడిన చోట వాన కురియును. అంచుననున్న సీమకు వరద. క్రిందబడిన సీమకు కరవు! 2020లో యాంగ్‌ట్సీ లోయ అంచున నుండెను. 2022లో మండలము పడమటికి విస్తరించి లోయను కప్పివేసెను.

ఏటేటి కదలిక సహజమే. 1970 దశాబ్ది చివర జరిగిన మార్పు అట్టిది కాదు. అప్పటినుండి కొన్ని దశాబ్దులపాటు ఆ మండలము మునుపటికంటె పడమటికిని దక్షిణమునకును జరిగియుండెను. వాన యాంగ్‌ట్సీ పైననే ఆగి, ఉత్తర చైనాకు పోవుట తగ్గెను. ‘దక్షిణమున వరద, ఉత్తరమున కరవు’ అని చైనీయులు చెప్పుకొనిరి. హిందూ మహాసముద్రమును, ఉష్ణమండల పసిఫిక్ సముద్రమును వేడెక్కుట ఇందుకొక కారణమని శాస్త్రజ్ఞులు తలచుచున్నారు. 1997లో ఉత్తరపు హ్వాంగ్‌హో నది 226 దినములు సముద్రమును చేరలేదు. అయితే నేరమంతయు గాలిపై త్రోయరాదు. పొలములకు మితిమీరి నీరు తోడుటయే మొదటి దోషము.

దక్షిణపు నీటిని ఉత్తరమునకు మళ్లింపవలెనను తలంపు 1952 నాటిదే. 2014 డిసెంబరులో యాంగ్‌ట్సీ ఉపనదియగు హాన్ నది నీరు 1,200 కిలోమీటర్లకు పైగా కాలువలో ప్రయాణించి బీజింగు చేరెను. ఇంతలో వానలు మరల కొంత ఉత్తరముగా జరుగసాగెను. 2021 జులై 20న హ్వాంగ్‌హో చెంతనున్న జెంగ్‌జౌ నగరమున ఒక్క గంటలో 201.9 మిల్లీమీటర్ల వాన కురిసెను. ఉత్తరపు దాహము తీర్పవచ్చిన ఆ కాలువ జెంగ్‌జౌ మీదుగానే పోవుచున్నది.