ఆట ఒకటే... రూలే వేరు!

అష్టా చెమ్మాలో కాయ పండాలంటే ముందు అవతలివాళ్ల కాయను చంపాలా, అక్కర్లేదా? సంక్రాంతి సెలవులకు నాలుగూళ్ల పిల్లలు ఒక అరుగు మీద చేరితే గవ్వల కన్నా ముందు పడేది ఈ తగువే. ఎవరి రూలు వాళ్లకు వేదం మరి!

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక అనగానే లక్కబొమ్మలు గుర్తొస్తాయి. అంకుడు కర్రను మరకు బిగించి తిప్పుతూ ఉలితో నునుపు చేస్తారు. తిరుగుతున్న ఆ కర్రకే రంగు లక్కను ఆనిస్తే, రాపిడి వేడికి కరిగి అంటుకుపోతుంది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ బొమ్మలు, 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటమెక్కి ఊరేగాయి. వాటిలో బొంగరాలకూ చోటుంది. అయితే బొంగరం కొంటే బొంగరమే చేతికొస్తుంది. దాంతో ఎలా ఆడాలో కొన్నవాళ్ల వీధే చెప్పాలి.

లక్క బొంగరాన్ని వేళ్లతో తిప్పి, ఎవరిది ఎక్కువసేపు తిరిగిందో చూసుకుంటే సరిపోతుంది. తాడు చుట్టి విసిరే ములికి బొంగరంతోనే పేచీ. గీసిన గిరిలోని బొంగరాన్ని కొట్టి బయటికి తెస్తే, దాని సొంతదారు బతికిపోయినట్టా, ఓడిపోయినట్టా? తిరుగుతున్నదాన్ని అరచేతిలోకి ఎక్కించుకుంటే లెక్కేనా? ఒక వీధిలో ఔనన్నది పక్క వీధిలో కాదంటారు.

చంపితేనే లోపలికి!

అష్టా చెమ్మాలో ఈ తేడాలు మరీ ముచ్చటగా ఉంటాయి. నేల మీద సుద్దముక్కతో గీసిన 25 గడులు, నాలుగు గవ్వలు, మనిషికి నాలుగు కాయలు. నాలుగు పడితే చెమ్మా, ఎనిమిది పడితే అష్టా. ఈ రెండింటిలో ఏది పడినా మళ్లీ వేయొచ్చు. ఇంతవరకూ పెద్దగా గొడవ లేదు.

కొందరి ఇళ్లలో ఒక్క కాయనైనా చంపనిదే లోపలి వరసలోకి అడుగు పెట్టనివ్వరు. మరికొందరికి అలాంటి పట్టింపు లేదు. చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ ఆట స్వభావమే మారిపోతుంది. పట్టింపు లేనిచోట, ఇంటూ గుర్తున్న గడుల్లో దాక్కుంటూ మెల్లగా నడిచే జాగ్రత్తపరుడు గెలుస్తాడు. చంపి తీరాలన్నచోట అతగాడే గడి దాటి వేటకు రావాలి. వచ్చాడంటే తన కాయకూ గండమే. బామ్మలు ఈ రూలు దగ్గర ఎందుకంత పట్టుబడతారో ఒక్క ఆట ఆడితే తెలుస్తుంది.

వరసగా మూడుసార్లు అష్టాలో చెమ్మాలో పడితే మొత్తం మురిగిపోతుందనేది ఇంకో రూలు. అదృష్టం ఒక్కరి ఒళ్లోనే వాలిపోకుండా వేసిన కళ్లెమిది. ఇది లేని ఇళ్లలో ఒకే దఫాలో కాయను పండించేసి సంబరపడేవాళ్లూ ఉన్నారు.

వామనగుంటలదీ అదే దారి. గింజలు పంచుతూ వెళ్లి ఖాళీ గుంట తగిలితే, దాని అవతలి గుంటలోవి గెలుచుకుంటారు. ఎదుటి గుంటలోవీ తీసుకోవచ్చా అన్న దగ్గర మళ్లీ రెండు పక్షాలు!

పుస్తకమున్నా అంతే

రూల్సు అచ్చయితే గొడవలు తీరతాయా? క్యారమ్స్‌కు అఖిల భారత సమాఖ్య 1956లోనే వచ్చింది, అంతర్జాతీయ సమాఖ్య 1988లో ఏర్పడింది. పోటీల్లో నల్లదైనా తెల్లదైనా కాయకు ఒకటే పాయింటు, రెడ్‌కు మూడు. మన ఇళ్లలో మాత్రం నల్లకాయకు 10, తెల్లకాయకు 20, రెడ్‌కు 50 అని లెక్కేసుకోవడం ఇప్పటికీ ఉంది. బొటనవేలితో కొడితే ఇంట్లో గగ్గోలు. అంతర్జాతీయ పోటీల్లో దానికి అభ్యంతరమే లేదు.

క్యారమ్స్‌కు దూరపు చుట్టమనదగ్గ పూల్‌ది ఇంకా విచిత్రం. అమెరికాలో సరదా ఆటగాళ్ల కోసం లీగులున్నాయి. దేని రూల్సు పుస్తకం దానిదే. టెర్రీ బెల్, లారీ హబ్బర్ట్ అనే ప్రొఫెషనల్ ఆటగాళ్లు 1979లో వేసిన పునాది మీద ఎదిగిన అమెరికన్ పూల్‌ప్లేయర్స్ అసోసియేషన్‌లో, తొలి దెబ్బకే నల్లని 8వ నంబరు బంతి సంచిలో పడితే, తెల్ల బంతి కూడా పడిపోకుండా ఉంటే చాలు... గెలిచినట్టే. ప్రపంచ సమాఖ్య రూల్సులో అది గెలుపు కాదు. ఆ బంతిని తిరిగి బల్ల మీద పెట్టి ఆడాలి, లేదంటే అన్నీ పేర్చి మళ్లీ మొదలెట్టాలి. అక్కడ ఏ బంతి ఏ సంచిలోకో ముందే చెప్పాలి. అసోసియేషన్‌లో 8వ బంతికి చెబితే సరిపోతుంది. మిగతావి పొరపాటున పడ్డా ఖాతాలోకే!

అలాగని ఆ లీగును తేలిగ్గా తీసేయక్కర్లేదు. వారాంతంలో ఆడేవాళ్ల కోసం పెట్టుకున్న వెసులుబాటది. అక్కడ ప్రతి ఆటగాడికీ 2 నుంచి 7 దాకా ఒక స్థాయి ఉంటుంది. మ్యాచ్‌లో దిగే ఐదుగురి స్థాయిలూ కలిపి సాధారణంగా 23 దాటకూడదు. దాంతో చేయి తిరిగినవాళ్లంతా ఒకే జట్టులో చేరిపోవడం కుదరదు, కొత్తవాళ్లకూ చోటివ్వాలి. ఇంత లెక్క లేకుండానే మన అరుగుల మీద ఆ పని ఎప్పుడో జరిగిపోయింది. దాన్నే ఆటలో అరటిపండు అన్నారు. చిన్నాడి కాయను చంపకూడదు, వాడు తప్పు వేసినా ఇంకోసారి వేయనివ్వాలి. ఏ పుస్తకంలోనూ రాయలేదు గానీ, ఈ ఒక్క రూలు దగ్గర మాత్రం ఏ ఊరివాళ్లూ పేచీ పెట్టరు.

ఫోన్లో లూడో ఆడితే ఈ తకరారేమీ ఉండదు. రూలు లోపలే ఉంటుంది, నచ్చకపోయినా ఆడాల్సిందే. బామ్మను అడిగి మార్పించుకునే వీల్లేదు. అరుగు మీదైతే గవ్వలు తీసే ముందే తేల్చుకోవచ్చు. చంపాలా వద్దా? మూడోసారి మురుగుతుందా? అష్టా పడితేనే కాయ దిగాలా? ఇవయ్యాక ఇంకొకటి... ఈసారి అరటిపండు ఎవరు?