కళ్లలోకి కాదు, కాళ్ల దగ్గరికి

ఊరి చివర కొత్తగా వెలిసిన కాలనీ ఏదైనా తీసుకోండి. పది ఇళ్లుంటే ఇరవై ఖాళీ ప్లాట్లుంటాయి. చీకటి పడ్డాక ఆ ప్లాట్లలో తుమ్మచెట్ల చాటున సీసాల మూతలు తెరుచుకుంటాయి. అర్ధరాత్రి దాటాక గేటు బయట పెట్టిన బైకులో పెట్రోలు మాయమవుతుంది. పక్క వీధి చెత్త సంచి తెల్లారేసరికి మన గోడ వారన ప్రత్యక్షమవుతుంది. కుర్రాళ్లెవరో కాలింగ్ బెల్లు నొక్కి పరుగెడతారు, కారు అద్దం వంకరపోతుంది. పోలీసులు పరుగెత్తుకు రావాల్సినంత పెద్ద విషయాలు కావివి. అలాగని నిద్ర పట్టనిచ్చేవీ కావు. ఇలాంటి చోట చాలామందికి మొదట తోచే ఉపాయం ఒకటే: కళ్లు చెదిరే టార్చిలైటు కొనుక్కుని, చప్పుడు వినపడగానే డాబా మీదినుంచి మొహాన వేయడం.

ఇది పనిచేస్తుందా అంటే, చాలాసార్లు పనిచేస్తుంది. ఎందుకు పనిచేస్తుందన్న దగ్గరే పొరబడతాం. వెలుగుకు కళ్లు బైర్లు కమ్మి ఎదుటివాడు పారిపోతాడని టార్చిలు అమ్మేవాళ్లు చెబుతారు. నిజానికి అతన్ని కదిలించేది వేరు. ఎవరో మేలుకొని ఉన్నారు, నన్ను చూశారు అన్న ఎరుక. ఈ తేడా పట్టుబడితే ఎలాంటి లైటు కొనాలి, ఎక్కడ వేయాలి, ఎప్పుడు అసలు వేయకూడదు అన్నవి తేలిగ్గా తేలిపోతాయి.

ముందు కంటి సంగతి. వెలుతురులో మన కంటిపాప రెండు మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది, చీకట్లో ఏడెనిమిది దాకా విప్పారుతుంది. అసలు మార్పు మాత్రం లోపల, రెటీనాలో జరుగుతుంది. అక్కడ రంగులనూ వివరాలనూ పట్టే శంకు కణాలు కొన్ని, మసక చీకట్లో పనికొచ్చే దండ కణాలు చాలా. దండ కణాల్లో రోడాప్సిన్ అనే పదార్థం ఉంటుంది. వెలుగు తగిలితే అది విడిపోతుంది, చీకట్లో మళ్లీ నెమ్మదిగా కూడుకుంటుంది. శంకు కణాలు పది నిమిషాల్లో చీకటికి అలవాటు పడితే, దండ కణాలకు అరగంట పైనే పడుతుంది. ఖాళీ ప్లాటులో గంట నుంచి కూర్చున్నవాడి కళ్లు ఆ స్థితిలో ఉంటాయి. సూటిగా టార్చి పడితే కాసేపు ఎదురుగా ఉన్నది కనిపించదు, లైటు ఆర్పాక కూడా కొన్ని క్షణాలు మచ్చలు మచ్చలుగా ఉంటుంది.

అయితే ఈ సూత్రం మనకూ వర్తిస్తుంది. చీకటి గదిలో నిద్రపోయి లేచి వచ్చిన మన కళ్లూ చీకటికి అలవాటు పడే ఉన్నాయి. ఫుల్లు వెలుగు పెట్టి టార్చి వేస్తే, ఎదురింటి తెల్లగోడ మీదా, మన గేటు ఊచల మీదా, గాలిలో దుమ్ము మీదా పడ్డ వెలుగు తిరిగి మన కళ్లలోకే వస్తుంది. వెలుగు పడ్డ వలయం తప్ప చుట్టుపక్కల ఏదీ కనపడదు. ఎదుట ఇద్దరుంటే ఒకడి మీదే లైటు పడుతుంది. రెండోవాడికి మాత్రం టార్చి ఎక్కడుందో, అంటే మనం ఎక్కడున్నామో, స్పష్టంగా తెలిసిపోతుంది. పైగా వయసు మీదపడ్డ కళ్లు వెలుగు దెబ్బ నుంచి తేరుకోవడానికి ఎక్కువ సమయం తీసుకుంటాయి. మన కాలనీల్లో రాత్రి టార్చి పట్టుకుని బయటికొచ్చేది సాధారణంగా రిటైరైన మాస్టారు. ప్లాటులో ఉన్నవాడికి ఇరవయ్యేళ్లు. ఎవరు ముందు తేరుకుంటారో వేరే చెప్పక్కర్లేదు.

ఇక డబ్బా మీద రాసే అంకెలు. అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో కనిపించేది ల్యూమెన్లు. లైటు మొత్తంగా ఎంత వెలుగు వెదజల్లుతుందో చెప్పే కొలత అది. పాతకాలపు రెండు సెల్లుల బల్బు టార్చి పాతిక ల్యూమెన్లు ఇస్తే గొప్ప. ఇప్పుడు మన ఇంట్లో వెలిగే తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఇచ్చేది దాదాపు తొమ్మిది వందలు. మరి ఆ బల్బును డాబా మీద పెడితే వీధి చివర ఉన్న మనిషి ఎందుకు కనపడడు? వెలుగంతా అన్ని వైపులకూ చెదిరిపోతుంది కాబట్టి. పైపు మూతిని బొటనవేలితో నొక్కితే అవే నీళ్లు దూరం చిమ్మినట్టు, టార్చిలోని అద్దం ఆ వెలుగును ఒక దిక్కుకు కుదిస్తుంది. అలా కుదిరిన వెలుగు బలాన్ని క్యాండెలాల్లో కొలుస్తారు. వెలుగు ఎంత దూరం పారుతుందో నిర్ణయించేది ఈ రెండో అంకే. నాసిరకం టార్చి డబ్బాల మీద కనపడనిదీ ఇదే.

లెక్క కష్టమేం కాదు. పది వేల క్యాండెలాల టార్చి పది మీటర్ల దూరంలో వంద లక్స్‌ల వెలుగు వేస్తుంది (ఒకచోట పడే వెలుగును కొలిచేది లక్స్). దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది: ఇరవై మీటర్ల దగ్గర పాతిక, వంద మీటర్ల దగ్గర ఒక్కటి. టార్చిల తయారీకి అమెరికాలో పెట్టుకున్న ప్రమాణం ప్రకారం, వెలుగు పావు లక్స్‌కు తగ్గేంత దూరాన్ని ఆ లైటు ‘పారే దూరం’గా రాస్తారు. పావు లక్స్ అంటే నిండు పున్నమి వెన్నెలంత. కాబట్టి డబ్బా మీద రెండు వందల మీటర్లు అని ఉంటే, అంత దూరంలో మనిషి మొహం కనిపిస్తుందని అర్థం చేసుకోకూడదు. అక్కడ వెన్నెలంత వెలుగు ఉంటుంది, అంతే. ఐదొందల రూపాయలకు యాభై వేల ల్యూమెన్లు, రెండు కిలోమీటర్లు అని ఆన్‌లైన్‌లో కనిపించే ప్రకటనల సంగతి ఇక మీరే ఊహించుకోండి.

మన వీధులు ఎంత వెడల్పు? ముప్పై అడుగులు, మహా అయితే నలభై. డాబా మీదినుంచి ఖాళీ ప్లాటు మూల దాకా చూసినా ముప్పై మీటర్లు దాటడం అరుదు. ఆ దూరానికి మంచి రకం రెండు, మూడు వందల ల్యూమెన్ల లైటు ధారాళంగా సరిపోతుంది. వీధిదీపం కింద నేల మీద పడేదే పది, ఇరవై లక్స్‌లు. అంతకంటే ఎక్కువ వెలుగు కొనుక్కుని చేసేదేమీ లేదు.

వెలుగుకూ కాపలాకూ ఉన్న చుట్టరికం పాతదే. పారిస్‌లో 1667లో పోలీసు వ్యవస్థకు అధిపతిగా వచ్చిన లా రేనీ చేసిన మొదటి పనుల్లో ఒకటి వీధుల్లో లాంతర్లు వేలాడదీయించడం. చేతిలో ఇమిడే బ్యాటరీ లైటుకు 1899లో డేవిడ్ మిసెల్ అమెరికాలో పేటెంటు పొందాక, వాటిని తయారుచేసిన కంపెనీ తొలి లైట్లను న్యూయార్క్ పోలీసులకిచ్చి వాడి చూడమంది. వాళ్ల మెచ్చుకోలే తర్వాత ప్రచారమైంది.

వెలుగు నిజంగా నేరాన్ని తగ్గిస్తుందా అని లెక్కలు తీసినవాళ్లూ ఉన్నారు. టార్చి మీద కాకపోయినా వీధిదీపాల మీద గట్టి పరిశోధనే జరిగింది. న్యూయార్క్‌లో 2016లో ప్రభుత్వ గృహసముదాయాల్లో కొన్నింటిని చీటీ తీసినట్టు ఎంచి, పెద్ద లైటు స్తంభాలు పెట్టారు. ఆరునెలల్లో అక్కడ రాత్రిపూట ఆరుబయట జరిగే తీవ్ర నేరాలు దాదాపు 36 శాతం తగ్గాయని తేలింది. అదే ఇంగ్లండ్, వేల్స్‌లలో 62 స్థానిక సంస్థల పరిధిలో దీపాలు ఆర్పేసిన, తగ్గించిన వీధులను లండన్‌కు చెందిన పరిశోధకులు పరిశీలించి 2015లో ప్రకటించిన ఫలితం ఇంకోలా ఉంది. దీపాలు తగ్గించినందువల్ల నేరాలు పెరిగాయనడానికి ఆధారం దొరకలేదు. షికాగోలో 1990ల చివర సందుల్లో వెలుగు పెంచితే నమోదైన నేరాల సంఖ్య తగ్గకపోగా పెరిగింది. అంతకుముందు చీకట్లో ఎవరికీ కనపడనివి ఇప్పుడు కనపడి లెక్కకెక్కాయేమోనన్నది ఒక వివరణ.

వీటన్నిటిలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఇంకొకటి. డేవిడ్ ఫారింగ్టన్, బ్రాండన్ వెల్ష్ అనే ఇద్దరు నేరశాస్త్రవేత్తలు బ్రిటన్, అమెరికాల్లో జరిగిన ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి చూశారు. దీపాలు మెరుగుపడ్డ చోట నేరాలు ఐదో వంతు దాకా తగ్గాయి. అయితే రాత్రి నేరాలతో పాటు పగటి నేరాలూ తగ్గాయి! పగటిపూట దీపం చేసేదేముంది? వీధిని ఎవరో పట్టించుకుంటున్నారని అక్కడివాళ్లకు తెలిసింది, వాళ్లూ పట్టించుకోవడం మొదలుపెట్టారు, బయట తిరిగారు, ఒకరినొకరు గమనించుకున్నారు. అమెరికన్ రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లోనే ఈ మాట గట్టిగా వాదించింది: వీధిని కాచేది అక్కడి జనం కళ్లే, చూసేవాళ్లు లేనిచోట దీపం ఒక్కటే ఏమీ చేయలేదని. టార్చిని ఇందుకే తక్కువ చేయకూడదు. స్తంభం మీది దీపం వెనక మనిషి ఉన్నాడో లేడో తెలియదు. కదిలే టార్చి వెనక మనిషి ఉండి తీరాలి.

కాబట్టి వెలుగు వేయాల్సింది కళ్లలోకి కాదు. డాబా మీదో, మేడ వరండాలోనో నిలబడి, వాళ్ల కాళ్లకు రెండు గజాల ముందు నేల మీద వేయండి, లేదా వెనక గోడ మీద. నేల మీద పడ్డ వెలుగు పైకి లేచి మనిషిని తగినంత చూపిస్తుంది, ఎవరో ఏంటో మనకు తెలుస్తుంది, మన కళ్లూ చెదరవు. వెంటనే మామూలు గొంతుతో ‘ఎవరది?’ అనండి. చాలామటుకు కథ అక్కడితో అయిపోతుంది. వెనక మన గది లైటు వెలుగుతుంటే మన ఆకారం బొమ్మ గీసినట్టు కనపడుతుంది, దాన్ని ఆర్పేయడం మంచిది. లేదా లోపల లైటు వేసి, బయటికి రాకుండా ఊరుకున్నా సగం పని జరిగినట్టే. టార్చిని ఛాతీకి ఆనించి పట్టుకోకుండా చెయ్యి చాచి పక్కకు పట్టుకోవడం పోలీసు శిక్షణల్లో నేర్పే పాత పద్ధతి. రాయి విసిరేవాడు వెలుగు వైపే విసురుతాడు మరి.

కింద దిగి వెళ్లడం వద్దు. నలుగురు తాగి ఉన్నచోట మొహాన లైటు వేయడం వాళ్లను రెచ్చగొట్టడమే అవుతుంది, పారిపోవాల్సినవాడు కూడా స్నేహితుల ముందు తగ్గలేక మీదికొస్తాడు. అక్కడ చేయాల్సింది 112కో, 100కో ఫోను. బండి నంబరు ఫోటో తీయాలంటే లైటు తగ్గించి ఏటవాలుగా వేయాలి. ఇప్పటి నంబరు ప్లేట్ల మీది పూత వెలుగును వచ్చిన దారినే తిప్పి పంపుతుంది కాబట్టి, ఫుల్లు లైటులో ఫోటో తీస్తే తెల్ల మచ్చ తప్ప అంకెలు పడవు. వస్తున్న బండి మీద మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకండి. వాడు పెట్రోలు దొంగే అయినా సరే, పడిపోతే కేసు మన మీదికొస్తుంది.

టార్చిలో మిణుకు మిణుకుమనే మోడ్ ఒకటి ఉంటుంది. ఆత్మరక్షణకని చెప్పి అమ్ముతారు. మూర్ఛ ఉన్నవాళ్లలో కొద్దిమందికి అలా వేగంగా కొట్టుకునే వెలుగు ఫిట్స్ తెప్పించగలదు. ఎదుటివాడి ఆరోగ్యం మనకు తెలియదు గదా, దాని జోలికి వెళ్లకపోవడమే మేలు. జాతరల్లో, రోడ్ల పక్కన దొరికే పచ్చ లేజర్లు మరీ ప్రమాదం. టార్చి దెబ్బ నుంచి కన్ను తేరుకుంటుంది, బలమైన లేజర్ రెటీనాను శాశ్వతంగా కాల్చేయగలదు.

ఇంతకూ అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము దాకా మన వీధిలో తిరిగేది ఎవరు? దొంగల కంటే ఎక్కువగా రాత్రి డ్యూటీ దిగి వచ్చేవాళ్లు, పాలవాళ్లు, పేపరు వేసే కుర్రాళ్లు, చీపుర్లతో వచ్చే మున్సిపల్ కార్మికులు, చిత్తుకాగితాలు ఏరుకునేవాళ్లు. వీళ్లలో ఎవరి మొహాన అయినా వెయ్యి ల్యూమెన్లు వేసి ‘ఎవడ్రా నువ్వు’ అంటే అది కాపలా అనిపించుకోదు. టార్చిని నేల మీద వేయమని చెప్పడానికి కంటి శాస్త్రం ఒక కారణమైతే, నా మట్టుకు నాకు ఇది అంతకంటే పెద్ద కారణం. పొరబడినా ఎవరికీ అవమానం జరగదు.

పొరపాటు అవమానంతో ఆగకపోతే ఏమవుతుందో తెలుగువాళ్లకు తెలుసు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వదంతులు పాకాయి. ఊళ్లకు ఊళ్లు కర్రలతో రాత్రులు గస్తీ కాశాయి. కొత్త మొహం కనపడితే చుట్టుముట్టారు. హైదరాబాద్‌తో సహా తెలంగాణలో ఆ అనుమానానికి అమాయకులు బలయ్యారు. జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరా పంపి, డప్పులతో పాటలతో అది వదంతి అని చెప్పించాల్సి వచ్చింది. ఇప్పుడు అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 40వ సెక్షన్ ప్రకారం, బెయిలు హక్కుగా దొరకని, పోలీసులు నేరుగా పట్టుకోదగ్గ నేరం మన కళ్లముందు జరిగితే మామూలు పౌరుడు కూడా మనిషిని పట్టుకోవచ్చు. ఆరు గంటల లోపు పోలీసులకు అప్పగించాలి. అనుమానంగా నిలబడ్డవాడు దీని కిందికి రాడు. కొట్టే హక్కు ఎవరికీ లేదు.

ఆ ఖాళీ ప్లాటుకు మాత్రం టార్చి శాశ్వత మందు కాదు. తుమ్మచెట్లు కొట్టించాలి, స్థలం ఓనరుకు ఫోను చేయాలి, మూల స్తంభానికి దీపం వేయించాలి. 2014లో హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖపట్నంలో వీధిదీపాలన్నీ ఎల్‌ఈడీలకు మారినప్పటి నుంచి మన పట్టణాలు ఒక్కొక్కటే ఆ దారి పట్టాయి. కరెంటు ఖర్చు తగ్గింది, అయినా కాలిపోయిన దీపం గురించి ఎవరో ఒకరు చెబితేగానీ కదలిక ఉండదు. ఫిర్యాదు చేసేటప్పుడు ‘మా వీధి చివర’ అనకుండా స్తంభం మీద రాసి ఉన్న నంబరు చెబితే మనిషి నేరుగా అక్కడికే వస్తాడు. పెయింటు వెలిసిన ఆ నంబరు చదవడానికి, ఎలాగూ, టార్చి కావాల్సిందే.