కండరములో పొయ్యి, దాని పొగ

రావులపాలెం అరటి మార్కెట్టులో ముప్పై ఏళ్లు గెలలు మోసిన మా సంఘస్థుడొకరు మొన్న ఆరాధన అయ్యాక నన్ను పక్కకు పిలిచారు. "అయ్యగారూ, మిఠాయి ముట్టను, కాఫీలో పంచదార మానేశాను. అయినా ఒళ్లు పెరుగుతోంది, షుగరు దిగడం లేదు. ఎందుకంటారు?" మోకాళ్ల నొప్పి వల్ల ఆయన మూడేళ్లుగా పనికి వెళ్లడం లేదు. అన్నము మాత్రము మోత రోజుల్లో తిన్నంతే తింటున్నారు.

ప్రియ పాఠకులారా, జవాబు చాలావరకు ఆయన కండరాల్లోనే ఉంది. తిన్న అన్నము చక్కెరగా మారి రక్తములో చేరుతుంది. ఇన్సులిన్ వచ్చి తలుపు తడితే ఆ చక్కెరను ఎక్కువగా లోపలికి తీసుకునేవి కండరాలే. అక్కడ మైటోకాండ్రియా అనే అతి చిన్న పొయ్యిల్లో అది ఆక్సిజనుతో కలిసి మండి శక్తి అవుతుంది. ఆ శక్తిని మోసే ఏ.టి.పి. అనే పదార్థమును 1929లో అమెరికాలోని హార్వర్డులో, ఫిస్కేతో కలిసి, కండరము నుండి వెలికితీసినవారు మన యల్లాప్రగడ సుబ్బారావుగారే. భీమవరములో పుట్టి, రాజమండ్రిలో చదువుకున్నారు. ఈ సంగతి మన గోదావరి పిల్లలకు ఎందుకు చెప్పమో!

పొయ్యి అన్నాక పొగ ఉంటుంది. ఈ పొయ్యిల్లో కొంత ఆక్సిజను తుంటరి రూపములో బయటపడుతుంది. శరీరము దానిని ఎప్పటికప్పుడు అణచివేస్తుంది. కాని పని లేని కండరములోకి తిండి వచ్చి పడుతూ ఉంటే, వంట లేని పొయ్యిలో కట్టెలు కుక్కినట్టే. పొగ అదుపు తప్పుతుంది. దీనినే ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. అప్పుడు ఇన్సులిన్ ఎంత తట్టినా తలుపు సరిగా తెరుచుకోదు. చక్కెర రక్తములో నిలిచిపోతుంది, ఖర్చుకాని తిండి కొవ్వుగా పేరుకుంటుంది. ఇదొక్కటే కారణము కాదు, వంశము, వయసు కూడా ఉన్నాయి.

మరి పొగను అణచే మాత్రలు మింగితే? 2009లో వెలువడిన ఒక జర్మనీ ప్రయోగములో యువకులు 4 వారాలు వ్యాయామము చేశారు. విటమిన్ సి, విటమిన్ ఇ మాత్రలు ఎక్కువ మోతాదులో రోజూ వాడినవారికి ఇన్సులిన్ విషయములో వ్యాయామపు మేలు దక్కలేదు. వాడనివారికి దక్కింది. పని చేసేటప్పుడు లేచే కొద్దిపాటి పొగే కండరానికి బలపడమని చెప్పే కబురట. జామకాయలు, ఆకుకూరలు మాత్రము నిశ్చింతగా తినండి.

ఇంకో మేలు ఉంది. కదిలే కండరము ఇన్సులిన్ తట్టకపోయినా చక్కెరను లోపలికి లాక్కుంటుంది. అందుకే ఆయనతో అన్నాను: "భోజనము కాగానే కాలువగట్టు మీద పావుగంట మెల్లగా నడవండి. మోకాళ్లు ఒప్పుకోని రోజున కుర్చీలో కూర్చునే కాళ్లు చాపి ముడవండి. అన్నము ఒక గరిటె తగ్గించండి. డాక్టరుగారు చెప్పనిదే మందు మానకండి."

"నడుస్తాను గానీ, ఆ గరిటె దగ్గరే కష్టమండీ" అన్నారాయన నవ్వుతూ. పక్కనే ఉన్న వాళ్లావిడ, గరిటె తన చేతిలోనే ఉంటుందని అన్నారు.