ఒత్తిడికి స్పందనలో మూర్తిమత్వ భేదాలు – విస్తరణలో వాటి ప్రాధాన్యం

ఒకే వర్షాభావానికి పంట కోల్పోయిన రైతులందరూ ఒకే విధంగా స్పందించరు. అప్పు, కౌలు, కుటుంబ పరిస్థితులతో పాటు మూర్తిమత్వం కూడా ఈ భేదానికి కారణమవుతుంది.

అమెరికా హృద్రోగ నిపుణులు ఫ్రీడ్‌మన్, రోజెన్‌మన్ 1959లో తొందర, పోటీతత్వం, ఆగ్రహం గల ప్రవర్తనను ‘ఎ’ రకంగాను, నిదానమైన ప్రవర్తనను ‘బి’ రకంగాను వర్గీకరించారు. ఫలితం తన చేతిలో ఉన్నదని నమ్మేవారిని, విధి చేతిలో ఉన్నదని భావించేవారిని మనోవిజ్ఞాన శాస్త్రవేత్త జూలియన్ రోటర్ 1966లో వేరుచేసి చూపాడు.

‘ఎ’ రకం రైతు పురుగు కనిపించగానే మందు పిచికారీకి సిద్ధపడవచ్చు. అతనికి పొలంలోనే పురుగులను లెక్కించి, ఆర్థిక నష్ట పరిమితిని వివరించాలి. విధిని నమ్మే రైతుకు ఉపన్యాసం కంటే, విత్తనశుద్ధి వంటి చిన్న పని చేయించి ఫలితం చూపడం మేలు. అంతా తన బాధ్యతే అనుకొనే రైతు వర్షాభావ నష్టానికి సైతం తననే నిందించుకోవచ్చు. అతనికి తన తప్పిదాన్ని, ప్రకృతి వైపరీత్యాన్ని వేరుచేసి చెప్పాలి.

అంతర్ముఖుడు సమావేశంలో మాట్లాడకపోవచ్చు. అతని మౌనాన్ని అంగీకారంగా గాని, ధైర్యంగా గాని భావించరాదు. విడిగా కలిసి మాట్లాడాలి.

ఈ రకాలు రైతును అర్థం చేసుకొనే సాధనాలే గాని, అతనిపై వేసే ముద్రలు కావు. నిద్రలేమి, నిరాశ, మరణ ప్రస్తావన కనిపిస్తే మూర్తిమత్వ విశ్లేషణతో కాలయాపన చేయక, అతనిని ఒంటరిగా విడువక, టెలీ మానస్ 14416 ద్వారా వెంటనే నిపుణుల సహాయం అందించాలి.