సంగీతమునకును చలనచిత్రమునకును తగిన రిసీవరు

బళ్ళారి, హోసూరు, బరంపురము, షోలాపురము మున్నగు పట్టణములందు తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములలో పెక్కింటి పిల్లలు బడిలో వేరొక భాషలో చదువుకొనుచున్నారు. అట్టి యిండ్లలో తెలుగు చెవి ద్వారముననే నిలుచుచున్నది. పెద్దల పలుకు తరువాత దానిని నిలుపునవి పాటయు, చలనచిత్రమును. కావున ఇంటికి హోమ్ థియేటరు రిసీవరు కొనునపుడు ధ్వని యెంత బిగ్గరగా వచ్చునను విచారమునకు ముందు, మాట యెంత స్పష్టముగా వినవచ్చునను విచారము జరుగవలెను.

రిసీవరు మూడు పనులు చేయును. టెలివిజను, డిస్కు ప్లేయరు మొదలగు సాధనములలో కోరిన దానిని కలుపుట మొదటిది. డాల్బీ, డీటీఎస్ పద్ధతులలో సంకేతరూపమున నున్న ధ్వనిని విడదీసి ఆయా స్పీకర్లకు పంచుట రెండవది. ఆ ధ్వనికి బలము చేకూర్చుట మూడవది. 5.1 అనగా ముందు ఎడమ, నడుమ, కుడి మూడు స్పీకర్లు, ప్రక్కల రెండు, మంద్రధ్వనులకు సబ్‌వూఫరు ఒకటి. ఈ యమరికలో సంభాషణలు ప్రధానముగా నడిమి స్పీకరు నుండియే వెలువడును. అందుచే తొమ్మిది చానెళ్ళ రిసీవరు కొని నాసిరకపు నడిమి స్పీకరు పెట్టుటకంటె, ఐదు చానెళ్ళ రిసీవరునకు మేలైన నడిమి స్పీకరు నమర్చుట మంచిది. ఆ స్పీకరు ధ్వనిని మాత్రమే రెండు మూడు డెసిబెల్లు పెంచుకొను వసతి రిసీవర్లలో నుండును. వినికిడి తగ్గిన వృద్ధులకు ఇది మిక్కిలి ఉపకరించును. 2014 నుండి ఇండ్లకు వచ్చిన డాల్బీ అట్మాస్ పైనుండియు ధ్వనిని వినిపించును గాని, చిన్న గదికి అది అలంకారమే.

ప్రకటనలలోని వాట్ల సంఖ్యను చూచి భ్రమపడరాదు. ఒక్క చానెలును మాత్రమే నడిపి, 1,000 హెర్ట్జుల వద్ద, 10 శాతము వికృతిని సహించి కొలిచినచో సంఖ్య పెద్దదిగా కనబడును. రెండు చానెళ్ళను కలిపి, 20 నుండి 20,000 హెర్ట్జుల వరకు, 8 ఓముల భారముపై, 0.1 శాతమునకు మించని వికృతితో కొలిచిన సంఖ్య నమ్మదగినది. వాట్లు రెట్టింపైనను ధ్వని పెరుగునది 3 డెసిబెల్లే. అనగా 87 డెసిబెల్ల స్పీకరు 100 వాట్లతో ఇచ్చు ధ్వనిని 90 డెసిబెల్ల స్పీకరు 50 వాట్లతోనే యిచ్చును. స్పీకర్లు 4 ఓములవైనచో రిసీవరు వానిని భరించునో లేదో వివరపత్రములో చూచుకొనవలెను.

సంగీతము సంగతి వేరు. పాటల రికార్డులలో అధికభాగము రెండు చానెళ్ళవి. 1957 నాటి ‘మాయాబజార్’ వంటి చిత్రములలో ఘంటసాల పాడిన పాటలు మొదట ఒక్క చానెలులోనే వెలువడినవి. వానిని కృత్రిమముగా ఐదు స్పీకర్లకు చిమ్మినచో గాయకుని కంఠము చెదరి పలుచబడును. అందుచే పాట వినునపుడు ముందరి రెండు స్పీకర్లనే పలికించు ‘స్టీరియో’ ఏర్పాటును ఎన్నుకొనవలెను. అటకపై పాత రికార్డులున్న యింటివారు ‘ఫోనో’ అమరిక గల రిసీవరును వెదకుట మంచిది. టర్న్‌టేబులు నుండి వచ్చు విద్యుత్తు కొన్ని మిల్లీవోల్టులే యగుటచే సాధారణ ద్వారములకు అది చాలదు. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పద్యనాటకముల రికార్డులకు లావుపాటి ముల్లు వేరుగా కావలెను.

యంత్రమెంత మంచిదైనను గది సహకరింపవలెను. నున్నని గచ్చు, వట్టి గోడలు ధ్వనిని తిరుగగొట్టి హల్లులను కలగాపులగము చేయును. మైక్రోఫోను సాయమున గదికి తగినట్లు ధ్వనిని సవరించు ఏర్పాటు నేటి రిసీవర్లలో కలదు. దానికి తోడు దళసరి తెరలు, ఒక జంపఖానా ఉన్నచో ఫలము హెచ్చును.

కొనుటకు ముందు దుకాణములో తమకు పరిచితమైన ఒక పద్యమును, ఒక సంభాషణ ఘట్టమును మాటలాడుకొను స్థాయిలోనే పెట్టించుకొని వినవలెను. ఒత్తులతో సహా ప్రతిమాటయు తెలిసినచో ఆ రిసీవరు ఇంటికి తగినది. పెంచినగాని తెలియనిచో, దాని వాట్లెన్నియైనను తెలుగింటికి అది చాలదు.