తొమ్మిది రోజులు తెరవని సారె డబ్బా

ఆడపిల్ల అత్తవారింటికి వస్తే సారె పంచాలి. శ్రీకాకుళం జిల్లాలో ఏ పల్లెకు వెళ్లినా ఈ ఆనవాయితీ ఉంది. పుట్టింటివారు లడ్డూలు, అరిసెలు, జంతికలు, కజ్జికాయలు డబ్బాలకెత్తి పంపితే అత్తగారు గడపగడపకూ పంచిపెడుతుంది. ఏ ఇంటికి ఎన్ని ఇవ్వాలో, ఎవరిని మరిచిపోతే ఆ మాట ఎన్నాళ్లు నలుగుతుందో ఆవిడకు తెలుసు. కోడలు వెంట నడిస్తే చాలు. ఒక్క పూటలో సగం ఊరు పరిచయమైపోతుంది.

నరసన్నపేట దగ్గరి ఒక పల్లె నుంచి 2025 వేసవిలో హైదరాబాద్‌కు కొత్త కాపురానికి వెళ్లిన అమ్మాయి కూడా ఒక సారె డబ్బా వెంట తీసుకెళ్లింది. ఊళ్లో పంచగా మిగిలినది కాదు. పట్నంలో ఇరుగుపొరుగు ఉంటారు కదా అని తల్లి ప్రత్యేకంగా కట్టి ఇచ్చిన డబ్బా. కూకట్‌పల్లి వెనక ఒక బస్తీలో, మేడ మీద రేకుల గదిలో, మంచం కింద ఆ డబ్బా తొమ్మిది రోజులు అలాగే ఉండిపోయింది. ఎవరికి పంచాలో ఆమెకు తెలియలేదు. మెట్ల మీద ఎదురుపడినవారు తల వంచుకుని దిగిపోయేవారు. తలుపులన్నీ మూసే ఉండేవి.

అప్పుడు రంగూన్, ఇప్పుడు హైదరాబాద్

ఈ జిల్లాకు వలస కొత్త కాదు. తాతల కాలంలో ఓడెక్కి రంగూన్ పోయారు. తరవాత రైలెక్కి ఖరగ్‌పూర్ పోయారు. అయితే అప్పుడు పోయింది ఎక్కువగా మగవాళ్లే. ఆడవాళ్లు అత్తవారింట్లోనే ఉండి మనియార్డరు కోసం ఎదురుచూశారు. ఎదురుచూపు కష్టమే గాని, చుట్టూ తోటికోడళ్లు, ఆడపడుచులు, పిల్లామేకా ఉండేవారు. ఇప్పుడు పెళ్లయిన నెలలోపే ఇద్దరూ ఆమదాలవలసలో రైలెక్కుతున్నారు. మొగుడూపెళ్లాం కలిసి ఉండడం మంచి మార్పే. కాని పగలు పది, పన్నెండు గంటలు ఆ పిల్ల ఏం చేస్తుందన్న సంగతి పెళ్లిచూపుల నాడు ఎవరూ అడగరు. జీతం ఎంత అని మాత్రం అడుగుతారు.

ఈ అమ్మాయి భర్త మేనమామ కొడుకే. ఐటిఐలో ఫిట్టర్ చదివి, బాలానగర్‌లో ఒక చిన్న లేతు షెడ్డులో మూడేళ్లుగా పనిచేస్తున్నాడు. బావకు హైదరాబాద్ అంతా తెలుసని ఆమె అనుకుంది. వెళ్లాక తెలిసిందేమంటే, ఆయనకు తెలిసింది గది, షెడ్డు, మధ్యలో భోజనం చేసే మెస్సు, ఇంతే. మూడేళ్లలో చార్మినార్ కూడా చూడలేదు. ఆదివారం వస్తే బట్టలుతుక్కుని నిద్రపోయేవాడు. ఒంటరిగా ఉండే కుర్రాళ్లలో చాలామంది బతుకు ఇంతే. ఊరిని తెలుసుకోవలసిన అవసరం వారికి కాపురం పెట్టాకే వస్తుంది.

నల్లా వచ్చింది

పదో రోజు తెల్లవారుజామున కింది వాటాలోంచి ఎవరో గట్టిగా అరిచారు. నల్లా వచ్చిందని ఆ అరుపు. ఈమెకు నల్లి అని వినిపించింది. పరుపు ఎత్తి దులపడం మొదలుపెట్టింది. దులుపుతుండగా ఒకావిడ మెట్లెక్కి వచ్చి, నీళ్లు పట్టుకోకుండా ఇదేం పని అని అడిగింది. నల్లా అంటే కుళాయి. రోజు విడిచి రోజు, గంటో గంటన్నరో వచ్చే మంచినీళ్లు. ఆ గంట దాటితే మళ్లీ ఎల్లుండే. నల్లి కథ విని ఆవిడ మెట్ల మీదే కూలబడి నవ్వింది. ఈమె కూడా నవ్వింది. హైదరాబాద్ వచ్చాక పెద్దగా నవ్వడం అదే మొదటిసారి.

ఆవిడది పాలమూరు. భర్త తాపీ మేస్త్రీ. పదిహేనేళ్ల కిందట తానూ ఇలాగే ఒక ట్రంకుపెట్టెతో దిగింది. ఆ రోజు సాయంత్రమే సారె డబ్బా తెరుచుకుంది. పాలమూరు అక్క వెంట నడవగా ఆరు వాటాలకూ పంచారు. కింద ఒరిస్సా దంపతులు, పక్కన నిజామాబాద్ ముసలాయన, వెనక గదిలో బీహార్ కుర్రాళ్లు నలుగురు. అరిసె ఏమిటో తెలియని ఆ కుర్రాళ్లు ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వడానికి వారం రోజులు మొహమాటపడి, చివరికి అందులో అరటిపళ్లు పెట్టి గుమ్మం దగ్గర ఉంచి పోయారట. ఇంటి యజమానురాలికి కూడా ఇచ్చారు. ఊళ్లో పిన్ని, అప్ప, వదిన, మరదలు అంటూ ప్రతి మనిషికీ ఒక వరస ఉంటుంది. ఇక్కడ అందరూ ఆంటీయే. పాలమూరు ఆవిడ మాత్రం అక్క అయింది.

ఇద్దరిదీ తెలుగే. అయినా మొదట్లో సగం మాటలకు అర్థం చెప్పుకోవలసి వచ్చింది. బంగాళాదుంప ఆలుగడ్డ. అద్దె కిరాయి. పచ్చడి తొక్కు. ఈమె బేగి రమ్మంటే, ఆవిడ బిరాన రమ్మంటుంది, వీధిలో పిల్లలు జల్దీ అంటారు. మూడూ ఒకటే. ఏటి అని ఈమె అడిగినప్పుడల్లా బస్తీ పిల్లలు వెక్కిరించేవారు. కొన్నాళ్లు ఆమె దుకాణంలో నోరు విప్పకుండా వేలితో చూపించి కొనుక్కుంది. ఇది నవ్వులాటగా కనిపించినా చిన్న విషయం కాదు. యాస మీద నవ్వితే మనిషి బయటికి రావడమే మానేస్తుంది.

218, 219

ఒక నెల గడిచాక జరిగిన సంగతి ఇది. భర్త క్యారేజీ మరిచిపోయి షెడ్డుకు వెళ్లిపోయాడు. తానే ఇచ్చి వద్దామని ఆమె బయలుదేరింది. కూకట్‌పల్లిలో 219 ఎక్కితే బాలానగర్ మీదుగా సికింద్రాబాద్ పోతుంది. 218 ఎక్కితే మూసాపేట, ఎర్రగడ్డ, అమీర్‌పేట మీదుగా కోఠి పోతుంది. రెండూ పటాన్‌చెరువు నుంచి ఒకే రోడ్డున వచ్చేవే. వై జంక్షన్ దగ్గర విడిపోతాయి. ఒక్క అంకె తేడా.

బస్సు ఎక్కేముందు బాలానగర్ పోతుందా అని అడిగింది. పోతుందని ఎవరో అన్నారు. వారు అబద్ధం చెప్పలేదు. బాలానగర్ పేరుతో ఉన్న మెట్రో స్టేషను ఆ వై జంక్షన్ దగ్గరే ఉంది. షెడ్లు ఉన్న బాలానగర్ మాత్రం ఇంకో రోడ్డున, ఇంకా ముందుకు ఉంది. ఈ కిటుకు హైదరాబాద్‌లో ఏళ్లుగా ఉన్నవారికీ తికమకే. తాను చూసిన చౌరస్తా కనబడలేదని ఆమె దిగలేదు.

బస్సులో మరో చిక్కు వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు. అయితే తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపాలి. ఈమె ఆధార్‌లో ఉన్నది శ్రీకాకుళం జిల్లా. చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా సున్నా టికెట్టు పుచ్చుకుంటుంటే ఈమె ఒక్కతే డబ్బులిచ్చింది. కండక్టరు గట్టిగా ఏమీ అనలేదు. అయినా అందరూ తననే చూశారనిపించింది ఆమెకు.

దిగేసరికి అమీర్‌పేట. కంప్యూటరు కోర్సుల బోర్డులు మేడల నిండా. ఒక కుర్రాడు ఆమె చేతిలో కూడా కోర్సుల కరపత్రం పెట్టాడు. ఫోను గదిలో చార్జింగుకు పెట్టి మరిచిపోయింది. ఉన్నా లాభం లేదు, పనివేళల్లో షెడ్డులో ఫోన్లు పెట్టెలో వేయించుకుంటారు. క్యారేజీ పట్టుకుని చాలాసేపు నిలబడింది. అప్పుడు తల పైకెత్తి చూస్తే మెట్రో వంతెన కనబడింది. ఈ వంతెనే తమ బస్తీ ముందు రోడ్డు మీద కూడా ఉంది కదా అనిపించింది. ఊళ్లో దారి తప్పినవారు కాలువ గట్టు పట్టుకుని ఇంటికి చేరినట్టు, ఆ స్తంభాల వరస తప్పకుండా వెళ్లే బస్సు అడిగి ఎక్కి, కిటికీలోంచి స్తంభాలే చూసుకుంటూ వచ్చింది. మధ్యాహ్నం మూడు దాటింది. గేటు దగ్గర పాలమూరు అక్క నిలబడి ఉంది. అంతవరకు ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది.

ఆ రాత్రి భర్త మొదట కేకలేశాడు. తరవాత చాలాసేపు మాట్లాడలేదు. వచ్చే ఆదివారం నుంచి బట్టలు సాయంత్రం ఉతుక్కుందామన్నాడు.

ఆదివారాలు

అలా మొదలయ్యాయి వారి ఆదివారాలు. మెట్రో 2017 నవంబరులో మొదలై ఇప్పుడు మూడు దారుల్లో నడుస్తోంది. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దారి వీరి ఇంటి ముందే. అమీర్‌పేటలో మారితే ఒకవైపు రాయదుర్గం, ఒకవైపు నాగోలు. ఆమె భయపడి నిలబడిన చోటే ఇప్పుడు రైలు మారే చోటు అయింది. ఎంజిబిఎస్‌లో దిగి నడిచి 1591 నాటి చార్మినార్ చూశారు. హుస్సేన్‌సాగర్ బుద్ధుడిని చూశారు. 1990లో తరలిస్తుండగా నీట మునిగి, 1992లో పైకి తీసి నిలిపిన విగ్రహం అది. బుద్ధుడిని చూడగానే ఆమెకు బడి పిల్లలతో వంశధార ఒడ్డున శాలిహుండం కొండ ఎక్కిన రోజు గుర్తొచ్చింది.

బస్సు స్టాపుల పేర్లు ఆమెకు వింతగా తోచేవి. అల్విన్, ఐడిపిఎల్, హెచ్ఎంటి. అల్విన్ ఫ్రిజ్‌లు, హెచ్ఎంటి గడియారాలు ఒకప్పుడు మన ఊళ్లలో పెళ్లికొడుకులు కోరిన కట్నాలు. ఇక్కడి అల్విన్ కంపెనీ ఎప్పుడో మూతపడింది. స్టాపు పేరు మాత్రం మిగిలింది. ఈ సంగతి చెప్పింది నిజామాబాద్ ముసలాయన.

కాపురం సరంజామాలో మొదటి తిప్పలు గ్యాసు దగ్గర వచ్చాయి. చిరునామా రుజువు లేనివారు 5 కిలోల చిన్న సిలిండరు గుర్తింపు కార్డు చూపి కొనుక్కోవచ్చునని వీరికి రెండు నెలల దాకా తెలియదు. బియ్యం ఊరి నుంచి మూట కట్టుకుపోతున్నారు. అయితే ఆహార భద్రత చట్టం కింద ఉన్న రేషన్ కార్డుకు ఏ రాష్ట్రంలోనైనా వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. 2019 ఆగస్టులో ఈ ఏర్పాటు మొదటగా కలిపిన రాష్ట్రాల్లో మన రెండు రాష్ట్రాలూ ఉన్నాయి. జ్వరం వస్తే 2018 నుంచి నడుస్తున్న బస్తీ దవాఖానాల్లో పరీక్షకు, మందులకు డబ్బు తీసుకోరు. పెళ్లి సంబంధం కుదిర్చేవారు జాతకాలతోపాటు ఈ నాలుగు ముక్కలూ చెప్పి పంపితే బాగుండును.

ఏ ఊరి చిరునామా?

ఆషాఢం వచ్చింది. ఆనవాయితీ ప్రకారం ఆమె పుట్టింటికి వచ్చింది. ఊళ్లో ఉభాల పని జోరు మీద ఉంది. అమీర్‌పేట సంగతి ఎలాగో తల్లి చెవిన పడింది. ఇక పంపవద్దని, అల్లుడు ఊరికి వస్తూ పోతూ ఉంటాడని ఇంట్లో మాటలు నడిచాయి. హైదరాబాద్‌లో భర్త కూడా ఆమె తిరిగి రాదనే అనుకున్నాడట. నల్లా నీళ్లు ఎవరు పడుతున్నారని ఆమె రోజూ ఫోను చేసి అడిగేది. శ్రావణం రాగానే ఎవరూ దింపకుండా తానే రైలెక్కింది. ఈసారి సారె డబ్బాలు రెండు. ఏ వాటాకు ఎన్నో ఆమే లెక్క కట్టి చెప్పింది.

వెళ్లగానే ఆధార్ చిరునామా మార్పించే పని పెట్టుకుంది. అద్దె పత్రం రాసి ఇవ్వడానికి యజమాని ఇష్టపడలేదు. అద్దెకున్నవారిలో చాలామందికి ఈ ఇబ్బంది ఉంది. చివరికి గెజిటెడ్ అధికారి సంతకంతో ధ్రువపత్రం తెచ్చి భర్త చిరునామా మార్చుకున్నాడు. 2023 నుంచి కుటుంబ పెద్ద ఆధార్ ఆధారంగా మిగిలినవారి చిరునామా మార్చుకునే వీలుంది కనుక ఆమెది తేలికగా అయింది. మామగారికి ఇది నచ్చలేదు. రేపు ఊళ్లో ఏ పథకం వచ్చినా పేరు ఉండదన్నాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. నీళ్లు, బస్సు, ఆస్పత్రి ఉన్నచోట పేరు లేకపోవడమూ నష్టమే. రెండు రాష్ట్రాలూ చిరునామా చూసే ఇస్తున్నాయి గాని, రెండు చోట్లా బతికేవారి లెక్క ఎవరూ వేయడం లేదు. ఓటు సంగతి ఇంకా తేల్చుకోలేదు.

ఆ తరవాత పండుగకు ఇద్దరూ ఊరొచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో కూడా 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది. ఇక్కడ ఆంధ్రప్రదేశ్ చిరునామా ఉండాలి. నరసన్నపేటలో తల్లీకూతుళ్లు పల్లెవెలుగు ఎక్కారు. తల్లికి సున్నా టికెట్టు కొట్టి, కూతురి కార్డు చూసిన కండక్టరు డబ్బులడిగాడు. పుట్టిన ఊరికి పోయే బస్సులో తన బిడ్డకు టికెట్టేమిటని తల్లి గొడవకు దిగింది. కూతురు వద్దని పర్సు తీయబోయింది. తల్లి ఆమె చెయ్యి పక్కకు నెట్టి, కొంగుముడి విప్పి చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది.