టీవీ మాట బడిదాకా పోయింది

కరోనా తగ్గి బడులు మళ్ళీ తెరిచిన రోజులు. మా సోలాపూర్‌లో సాంచాల కార్ఖానాలో నా పక్క సాంచా నడిపే భాయ్ ఒకనాడు డబ్బా విప్పకుండ కూర్చున్నడు. మనోళ్ళతో ఏండ్ల సంది పని చేసి ఆయనకు తెలుగు బాగా వచ్చు. ఏమైందని అడిగిన.

“మా పిల్లగాని పక్కన ఎవ్వరు కూసుంటలేరన్నా. మీవోళ్ళే రోగం తెచ్చిండ్రని అంటున్నరట.”

అట్ల అన్నవాళ్ళలో నా కొడుకు కూడా ఉన్నడని ఆ సాయంత్రమే తెలిసింది. “నీకెవరు చెప్పిండ్రురా?” అని కోప్పడితే, “టీవీల చెప్పిండ్రు కద నాయినా. నువ్వు గూడ విన్నవు” అన్నడు. నా దగ్గర జవాబు లేకపాయె.

2020 ఏప్రిల్‌లో టీవీలన్నీ ఢిల్లీ మర్కజ్ గురించే మొత్తుకున్నయి. అదే ఏడు ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్, తబ్లీగీ జమాత్‌కు వచ్చిన 29 మంది విదేశీయుల మీద పెట్టిన కేసులు కొట్టేసింది. వాళ్ళే కరోనా వ్యాపింపజేశారన్నట్టు పత్రికల్లో, టీవీల్లో పెద్ద ప్రచారం జరిగిందని తప్పుపట్టింది. నిందను మా ఇంట్ల నెలరోజులు విన్నం. తీర్పును విన్న గుర్తు లేదు.

మరునాడు భాయ్, నేను కలిసి బడికి పోయినం. టీచరమ్మ అంతా విని, హాజరు నంబరు ప్రకారం బెంచీలు మార్చింది. భాయ్ భయపడుతూనే ఇంకో మాట అడిగిండు: ప్రార్థనలో పిల్లగాడు గొంతు కలపకుంటే దండిస్తరా? ఆమె రాజ్యాంగం 28వ అధికరణ గురించి చెప్పింది. పూర్తిగా సర్కారు సొమ్ముతో నడిచే బడిలో మతబోధ ఉండరాదు. సర్కారు గుర్తింపు గానీ సాయం గానీ ఉన్న బడిలో, తల్లిదండ్రులు ఒప్పుకోనిదే పిల్లలను మతబోధకు, పూజకు బలవంతపెట్టరాదు. ఇది భాయ్ కొడుక్కెంతో నా కొడుక్కూ అంతే. రేపు మన పిల్లలు వేరే మతంవాళ్ళు నడిపే బడిలో చేరినా ఇదే అండ.

ఇంటికొచ్చి కొడుకుతో, “టీవీ చెప్పింది నిజమనుకొని నేను గూడ తలూపిన. నాది తప్పే” అని ఒప్పుకున్న. వాడు కాసేపు మాట్లాడలేదు. ఆదివారం భాయ్ ఇంటికి నాతోపాటు వచ్చిండు.

మనింట్ల టీవీ ముందు పిల్లలు కూడా కూర్చుంటరు. ఒక మతంవాళ్ళందరి మీద నింద వినబడితే, “దీనికి రుజువేంది?” అని వాళ్ళ ముందే అడుగుదం. ఆ ప్రశ్న కూడా బడిదాకా పోతది.